464 ఓట్ల తేడాతో ఓడిపోయాను, ఇప్పుడు ముగ్గుపిండి ముట్టాలన్నా చేయి రావడం లేదు

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసిన అమ్మాయి పేరు బయటపెట్టొద్దని అడిగింది కాబట్టి పేరు లేకుండానే సంగతి చెబుతాను. వయసు 24. బీకాం అయిపోయి ఒక బట్టల అంగడిలో లెక్కలు రాస్తోంది. చిన్నప్పటి నుంచి ముగ్గులంటే ప్రాణం, ఒక సినిమా హీరో అంటే అంతకంటే ప్రాణం. ఆ హీరో పుట్టినరోజు వస్తోందని ఒక వ్యాపార సంస్థ అభిమానులకు పోటీ పెట్టింది. అభిమానంతో మీరు చేసిన పని ఏదైనా ఫోటో తీసి పంపండి, అందులో పదిమందిని మేం ఎంపిక చేస్తాం, ఆ పదిమందిలో ఎవరికి ఓట్లు ఎక్కువ వస్తే వాళ్లకు లక్ష రూపాయలు, హైదరాబాదులో హీరోతో కలిసి భోజనం అన్నారు. ఈ అమ్మాయి మిద్దె మీద పన్నెండు అడుగుల పొడవున ఆ హీరో మొహం ముగ్గు వేసింది. పగలు గాలికి పిండి లేచిపోతుంటే మూడు రాత్రులు కూర్చుని వేసింది. పదిమందిలో ఎంపికైంది.

అక్కడి నుంచి ఐదు వారాలు ఓట్ల కోసం తిరగడమే. ఓటు వేయాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి, వచ్చిన ఓటీపీ కొట్టాలి. చుట్టాలు, చదివిన కాలేజీ, తమ్ముడి స్నేహితులు, అభిమాన సంఘం పిల్లలు, చివరికి అంగడికి చీరలు కొనడానికి వచ్చినవాళ్లను కూడా అడిగింది. రెండు ఫ్లెక్సీలు కట్టించింది, రెండు రోజులు ఆటోకు మైకు పెట్టించి తిప్పింది, వెంట తిరిగిన పిల్లలకు టీలు, బజ్జీలు. మొత్తం 23,000 ఖర్చు. అందులో 15,000 కోసం జేజి ఇచ్చిన బంగారు కమ్మలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తాకట్టు పెట్టింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

చివరి రాత్రి పదకొండింటి దాకా ఈమే ముందుంది. తెల్లారి చూసుకుంటే ఈమెకు 11,846, గెలిచిన అబ్బాయికి 12,310. "అర్ధరాత్రి ఒంటిగంట నుంచి మూడు గంటల లోపల 1,900 ఓట్లు ఎట్ల పడతాయి? డబ్బు పెట్టి కొన్నాడు, నాకు ఖాయంగా తెలుసు" అని రాసింది. ఆ పొద్దున్నే మైదుకూరులో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఇద్దరిదీ ఏడో తరగతి నుంచి స్నేహం. ఆమె ఓటే వేయలేదని తెలిసి "నీలాంటోళ్ల వల్లే ఓడిపోయినా" అని అరిచి పెట్టేసింది. నెల దాటింది, మాటల్లేవు. "వాళ్ల నాయనకు రెండేళ్ల కింద ఎవరో ఓటీపీ అడిగి 40,000 లాగేసినారంట, అందుకే భయపడి వేయలేదంట. ఇదీ ఒక సాకేనా అక్కా?" అని నన్ను అడిగింది.

అంగడిలో ఆరు రోజుల జీతం కోశారు. వాళ్ల నాయన "ఫ్లెక్సీ మీద మొహం వేయించుకుని ఊరంతా తిరిగితివి, ఏమొచ్చింది?" అన్నాడు. అభిమాన సంఘం పిల్లలేమో గెలిచినవాడి మోసం బయటపెడుతూ ఒక వీడియో చెయ్యి అక్కా, మేం అందరికీ పంపిస్తాం అంటున్నారు. నిద్ర పట్టడం లేదు. హీరో పోస్టరు కనబడితే ఏడుపొస్తోంది. వీడియో పెట్టాలా, అప్పు ఎట్ల తీర్చాలి, స్నేహితురాలితో ఏం చేయాలి, అసలు ఈ అభిమానం మానుకోవాలా అనేవి అమ్మాయి ప్రశ్నలు. మూడో పేజీ మధ్యలో ఇంకో వాక్యం ఉంది. సిమ్ కార్డులు అమ్మే అంగడిలో పనిచేసే తమ్ముడి స్నేహితుడు "ఒక మూడు వందల ఓట్లు సర్దినాడు" అని.

అమ్మాయీ, నీది మా చిన్నదాని వయసు, అందుకే నువ్వు అనే పిలుస్తున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు లెక్కపెట్టాను, నాలుగు పేజీల్లో ముగ్గు గురించి రాసింది ఆరే ఆరు వరుసలు. మిగతా అంతా ఓట్లు. ఏ రోజు ఎన్ని పడ్డాయి, ఏ చుట్టం వేశాడు, ఎవరు వేస్తామని మాటిచ్చి వేయలేదు, ఏ గంటకు తేడా ఎంత ఉంది, అన్నీ తేదీలతో సహా రాశావు. లెక్కలు రాసే పిల్లవి కదా, తప్పు పోలేదు ఎక్కడా. ఆ ఆరు వరుసల్లో మాత్రం అక్షరాలు కూడా నిదానంగా పడ్డాయి. ఎడమ కనుబొమ్మ దగ్గర నల్లపొడి గాలికి లేచిపోతుంటే తెల్లవారుజామున నాలుగింటి దాకా మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ మళ్లీ వేశానన్నావు. ఆ ముక్క చదివి నేను కాసేపు ఆగిపోయాను.

పోటీలో ఓడిపోతే ఇంత బాధా అని ఎవరన్నా అంటే పట్టించుకోకు. నీది నిజమైన బాధ, నాకు దాంట్లో అనుమానం లేదు. ఐదు వారాలు నిద్ర లేవగానే ఆ అంకె, పడుకునే ముందు ఆ అంకె, మధ్యలో వందసార్లు ఆ అంకె. పెళ్లి జరిగినన్నాళ్లు ఇల్లంతా జనం, పని, అరుపులు ఉండి, పందిరి విప్పేసిన మర్నాడు ఇల్లు ఒక్కసారిగా బోసిపోతుంది చూడు, నీ ఒంటికి ఇప్పుడు అట్లా ఉంది. పైగా ఇది ఓడిపోయిన పెళ్లి. చేయి ఇంకా ఫోన్ దగ్గరికి పోతూనే ఉంటుంది, అక్కడ చూడడానికి ఏమీ లేదు. కొన్నాళ్లకు తగ్గుతుంది. నెల దాటినా నిద్ర పట్టడం లేదన్నావు కాబట్టి ఒక మాట. టెలీ మానస్ అని మనసు బాగాలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. డబ్బులు అక్కర్లేదు, ఏ వేళప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిచ్చి పట్టినవాళ్లే చేయాలని ఏమీ లేదు, నిద్ర పట్టడం లేదని చెప్పినా చాలు.

ఇక పోటీ సంగతి. ఆ పదిమందిలోకి నిన్ను తీసుకున్నది ముగ్గు చూసి. ఆ తర్వాత ఐదు వారాలు ఆ ముగ్గు వైపు ఎవరూ చూడలేదమ్మా, ఎవరి వెనక ఎన్ని ఫోన్లు ఉన్నాయన్నదే లెక్క. 2006లో ఇండియన్ ఐడల్ రెండో సీజన్ నడిచేటప్పుడు నువ్వు నాలుగైదేళ్ల పిల్లవి, నీకు గుర్తుండదు. మన తెలుగు పిల్లవాడు కారుణ్య ఫైనల్ దాకా పోయాడు. మా ఇంట్లో అప్పుడు ఉన్నది ఒక్క సెల్‌ఫోను. అందులో వేయించిన డబ్బులన్నీ నేను, మా తమ్ముడు కలిసి ఎస్సెమ్మెస్ ఓట్లకే ఖర్చుపెట్టేశాం. మా ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. గెలిచింది రాజస్థాన్ పిల్లవాడు సందీప్ ఆచార్య. ఆ రాత్రి మా తమ్ముడు అన్నం ముట్టలేదు, నువ్వు రాసినట్టే "మోసం, మోసం" అని ఒకటే మాట. ఆ తర్వాత కారుణ్య తెలుగు సినిమాల్లో పాటలు పాడాడు, మేం రేడియోలో విన్నాం. అదే పోటీలో 2010లో మన శ్రీరామచంద్ర గెలిచాడు, 2017లో రేవంత్ గెలిచాడు. మరి 2006లో కారుణ్యకు గొంతు తక్కువైందా? ఆ మరుసటి సంవత్సరం, 2007లో, ప్రపంచ కొత్త ఏడు వింతలని ఓట్లు పెట్టినప్పుడు తాజ్‌మహల్‌కు ఓటేయమని దేశమంతా ఎస్సెమ్మెస్‌లు తిరిగాయి. ఓట్లు వచ్చి గెలిచింది, సంతోషమే. కానీ ఆ ఓట్లు రాకపోయి ఉంటే అందులో ఒక రాయి తక్కువయ్యేదా? ఆ ఏడు వింతల పోటీతో తమకు సంబంధం లేదని యునెస్కో అప్పట్లోనే ప్రకటించింది కూడా.

నీకు ఇంకొకటి తెలిసి ఉండాలి. నీకు పడిన 11,846 ఓట్లంటే 11,846 ఫోన్ నంబర్లు. అవన్నీ ఇప్పుడు ఆ సంస్థ దగ్గర ఉన్నాయి. ఓట్లు పెట్టి పోటీలు నడిపేది ఎందుకంటే ఇందుకే, పదిమంది పోటీదారులు తలా ఒక ఊరు తిరిగి జనాన్ని తెచ్చి వాళ్ల గుమ్మంలో నిలబెడతారు. నేను వాళ్లను దొంగలనడం లేదు, వ్యాపారం అట్లా నడుస్తుంది. కానీ నువ్వు కట్టించిన ఫ్లెక్సీ, తిప్పించిన ఆటో, తాకట్టు పెట్టిన కమ్మలు వాళ్ల ప్రచారానికి పోయాయి. నీ మీద నువ్వు వేసుకుంటున్న "నేను చేతకానిదాన్ని" అనే నింద కొంచెం తగ్గుతుందని ఇది చెబుతున్నాను. జీతం లేకుండా ఐదు వారాలు అంత గట్టిగా పనిచేసిన పిల్లను చేతకానిది అని ఎవరూ అనలేరు.

గెలిచిన అబ్బాయి దగ్గరికి వద్దాం. రాత్రి ఒంటిగంటకు 1,900 ఓట్లు అనుమానంగానే ఉంటాయి, ఒప్పుకుంటాను. డబ్బులిస్తే ఓట్లు, లైకులు వేయించేవాళ్లు ఉన్నారన్నది అందరికీ తెలిసిందే. అయితే అతని వెనక ఏదైనా అభిమాన సంఘం చివరి గంటల కోసం దాచుకుని ఉండొచ్చు కూడా, మీ పిల్లలు మాత్రం ఆఖరి రోజు కోసం కొన్ని ఆపుకోలేదా? ఏది నిజమో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

నీ ముందు దారులు మూడు కనబడుతున్నాయి. ఒకటి, ఆ సంస్థకే రాతపూర్వకంగా అడగడం. ముందు పోటీ నిబంధనలు తెరిచి చదువు, "నిర్వాహకులదే తుది నిర్ణయం" అని ఒక వాక్యం ఉండే ఉంటుంది, అది ఉన్నా అడగడానికి అడ్డం కాదు. ఆ రాత్రి గంటగంటకూ పడిన ఓట్లను పరిశీలించమని మర్యాదగా అడుగు, నీ దగ్గరున్న ఫోటోలు జతచెయ్యి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే చెప్పుకోవచ్చు. బహుమతులు ఇస్తామని పెట్టిన పథకాల్లో తుది ఫలితాల వివరాలు పాల్గొన్నవాళ్లకు చెప్పకుండా దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల కింద ఉంది. కానీ నువ్వు వాళ్ల దగ్గర ఏమీ కొనలేదు కాబట్టి నువ్వు వినియోగదారువే కాదని వాళ్లు వాదించొచ్చు, ఫలితాలు ప్రకటించాం కదా అని కూడా అనొచ్చు. ఈ దారిలో ఖర్చు లేదు, ఆశ కూడా కొంచెమే పెట్టుకోవాలి.

రెండోది, సంఘం పిల్లలు చెబుతున్న వీడియో. పెడితే రెండు రోజులు నీకు బాగుంటుంది, ఎంతోమంది "అన్యాయం అక్కా" అంటారు. మూడో రోజు ఆ అబ్బాయి ఊరి పిల్లలు మొదలుపెడతారు, నీ ఫోటోలు, నీ ఫ్లెక్సీ, మీ నాయన అంగడికో ఇంటికో ఫోన్లు. రుజువు లేకుండా ఒక మనిషిని పేరు పెట్టి దొంగ అంటే పరువు నష్టం కేసు అవుతుంది, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. వీడియో నీతో చేయిస్తున్న పిల్లల్లో ఒక్కరి మొహం కూడా ఆ వీడియోలో ఉండదన్నది గమనించావా?

మూడోది వదిలేయడం. వదిలేస్తే లోపల కొన్నాళ్లు మండుతుంది, అంతే తప్ప కొత్తగా పోయేదేమీ లేదు.

ఏ దారి పట్టే ముందైనా ఆ మూడో పేజీలో రాసిన మూడు వందల సంగతి తేల్చుకోవాలి. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో రాసి పక్కకు పోయావు, కానీ రాశావు. దాచి ఉంటే నాకు తెలిసేదే కాదు. రాశావంటే అది నిన్ను గుచ్చుతోందనే అనుకుంటున్నాను. వేరేవాళ్ల సిమ్‌లకు వచ్చిన ఓటీపీలతో, వాళ్లకు తెలియకుండా వేసిన ఓట్లవి. అతను కొన్నాడేమో అని నీకు అనుమానం, నీ వైపు సర్దారని నీకే తెలుసు. 1,900 పెద్దది, 300 చిన్నది అంటావేమో. అంగడిలో లెక్క రాసేటప్పుడు చిన్న తేడా అని వదిలేస్తావా? ఆ సంస్థ నిజంగానే పరిశీలన మొదలుపెడితే ముందు నీవి తీసేయొచ్చు, అప్పుడు నీకు 11,546, తేడా ఇంకా పెరుగుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఆ సిమ్ అంగడి పిల్లవాడికి వస్తుంది, ఉద్యోగం పోతుంది, కేసు కూడా పడొచ్చు. కాబట్టి రాతపూర్వకంగా అడిగేటట్లయితే నీ మూడు వందలు కూడా ఒప్పుకుని అడుగు. ఒప్పుకోవడం కుదరదనుకుంటే అడగడం మానుకో. రెంటి మధ్యలో మాత్రం నిలబడకు, నీకు నిద్ర పట్టకపోవడంలో సగం ఇదే అని నాకు అనిపిస్తోంది. నిన్ను తిట్టడానికి చెప్పడం లేదు తల్లీ. ఆ ఊపులో నేనున్నా వద్దనేదాన్నో కాదో.

కమ్మల సంగతి ఆలస్యం చేయొద్దు. 15,000కు నూటికి రెండు రూపాయలంటే నెలకు 300, ఏడాదికి 3,600. చిన్నగానే కనబడుతుంది, కట్టకుండా వదిలేస్తే వడ్డీ అసలులో కలిసి పెరుగుతుంది, గడువు దాటితే కమ్మలు చేజారతాయి. రసీదు జాగ్రత్తగా పెట్టుకో, గడువు ఎప్పుడో చూసుకో. ఇంట్లో చెప్పకుండా తీర్చాలంటే నెలకు 3,000 చొప్పున అసలుకు జమ చేసుకుంటారేమో అడుగు, ఒప్పుకుంటే ఆరో నెలలో కమ్మలు ఇంటికి వస్తాయి. ఈ ఆరు నెలలూ నువ్వు భయం భయంగా ఉండాలి. దసరాకు అమ్మవారిశాలకు పోయేటప్పుడు జేజి కమ్మలు పెట్టుకోమని మీ అమ్మ అడుగుతుంది, అప్పుడు ఒక అబద్ధం, దానికి ఇంకో అబద్ధం. అమ్మకు చెప్పేస్తే ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవ అవుతుంది, నీకూ తెలుసు. కానీ మీ అమ్మ పొదుపు సంఘంలో ఉందని రాశావు, అక్కడ దొరికే అప్పుకు వడ్డీ చాలా తక్కువ, దాంతో కమ్మలు విడిపించి ఆ వాయిదాలు నువ్వు నీ జీతంలోంచి కట్టుకోవచ్చు. లేదా విడిపించిన కమ్మలే బ్యాంకులో పెడితే వడ్డీ సగం కూడా పడదు. బంగారం అంగళ్లు వరుసగా ఉన్న ఊరు మీది, ఎవరో ఒకరి నోటి నుంచి మీ అమ్మ చెవిన పడక మానదు. నీ నోటి నుంచి వినడమే మేలని నా అభిప్రాయం. చెప్పేటప్పుడు రసీదు చేతిలో పెట్టి, నెలనెలా ఎట్లా కడతావో కాగితం మీద రాసి చెప్పు. ఏడ్చుకుంటూ చెప్పకు, లెక్క చెప్పినట్టు చెప్పు.

మీ నాయన అన్న మాటకు ఇప్పుడు జవాబు వెతక్కు. ఆయనకు ఓటమి కంటే ఫ్లెక్సీ మీద కూతురి మొహం చూసి నలుగురు ఏమన్నారో అదే ఎక్కువ బాధ అయి ఉంటుంది, కొన్నాళ్లు పోనీ. అంగడిలో కోసిన ఆరు రోజుల జీతం న్యాయమే, నువ్వు రాలేదు కాబట్టి. దాని మీద మనసు పెట్టొద్దు.

మైదుకూరు అమ్మాయి గురించి ఎక్కువ రాయాలి, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది అదే. ఇదీ ఒక సాకేనా అని అడిగావు. కాదమ్మా, అది సాకు కాదు. ఓటీపీ చెప్పి 40,000 పోగొట్టుకున్న ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆలోచించు. ఆ నాయన ఎన్నాళ్లు తనను తాను తిట్టుకుని ఉంటాడు, ఆ ఇంట్లో ఫోన్ మోగితే ఇప్పటికీ ఎట్లా ఉలిక్కిపడతారో. ఆ ఇంటి పిల్లను పట్టుకుని నంబరు ఇవ్వు, ఓటీపీ కొట్టు అని అడిగితే ఆమె వేయలేదు, వేయనని నీ మొహం మీద చెప్పలేకా పోయింది. నీ సంతోషం చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకుంది. ఆమె చేసిన తప్పంటూ ఉంటే ఆ మొహమాటమే. నీ 464లో ఆమెది ఒక్క ఓటు.

క్షమాపణ ఎట్లా చెప్పాలన్నదానికి వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ రాయాలనుకుంటున్నానన్నావు. రాయొద్దంటాను. ఆమె ఫోన్‌లో నీ పేరు తెరిస్తే ఐదు వారాల నుంచి వరుసగా కనబడేవి ఓటు లింకులే, ఒకటి కింద ఒకటి, "ప్లీజ్ వేయవే", "వేసినావా", "ఇంకా వేయలేదా". వాటి అడుగున నీ క్షమాపణ పడితే అది కూడా ఇంకో లింకులాగే ఉంటుంది. మైదుకూరు ఎంత దూరం, గంట కూడా పట్టని బస్సు ప్రయాణం. ఒక ఆదివారం పో. పోయి "ఆ రోజు నేను అనకూడని మాట అన్నాను, మీ నాయనకు జరిగింది నేను సాకు అనుకున్నాను, తప్పు నాది" అని అంతవరకే చెప్పు. ఎందుకు అట్లా అన్నావో, ఆ రాత్రి నీ పరిస్థితి ఏమిటో, తేడా ఎంతో, ఏదీ మొదలుపెట్టకు. ఆమె అడిగితే చెబుదువు. ఆమె తలుపు దగ్గరే ముభావంగా మాట్లాడి పంపించేయొచ్చు, దానికి సిద్ధపడే పో. వెంటనే కలిసిపోవాలని పట్టుపడితే అది మళ్లీ ఓటు అడిగినట్టే అవుతుంది. పోవడానికి ధైర్యం చాలకపోతే కాగితం మీద రాసి పోస్టులో వెయ్యి, నాకు రాసినంత చక్కగా రాయగలవు. ఊరుకుంటే కాలమే సర్దుతుందిలే అనుకోవడం కూడా ఒక దారే, కొందరికి సర్దుతుంది. కానీ ఆమె పెళ్లి చూపులు నడుస్తున్నాయని రాశావు, పెళ్లయి దూరం పోయాక ఈ మాట చెప్పాలంటే ఇంకా కష్టం. వాళ్ల నాయనకు ఒక సంగతి చెప్పు, ఇట్లాంటి మోసం జరిగిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. రెండేళ్ల కిందటి డబ్బు ఇప్పుడు రాకపోవచ్చు, కానీ ఆ ఇంట్లో ఆ నంబరు గోడ మీద రాసి ఉండాలి.

చుట్టాల మొహం చూడాలంటే సిగ్గుగా ఉందన్నావు. వాళ్లలో ఎంతమందికి నీ ఓట్ల సంఖ్య గుర్తుందో నాకు అనుమానమే. వాళ్లకు గుర్తున్నది వేరు, రెండేళ్లుగా గడప తొక్కని పిల్ల ఈ ఐదు వారాల్లో నాలుగుసార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ కూర్చోకముందే ఫోన్ అడిగింది, ఓటు పడగానే లేచిపోయింది. మీ చిన్నాయన ఇంట్లో సంగటి పెడతానన్నా తినకుండా వచ్చేశానని నువ్వే రాశావు, ఇంకో ఇంటికి పోవాలని. ఇప్పుడు మళ్లీ ఆ ఇళ్లకు పోవాలి. ఊరికే పోవడానికి సిగ్గుగా ఉంటే ఒక పని పెట్టుకుని పో. నీకు ఓటేసిన పుణ్యానికి వాళ్ల ఫోన్లకు ఆఫర్ల మెసేజ్‌లు, ఫోన్లు వస్తున్నాయి, మీ మేనత్త విసుక్కుంటోందని కూడా రాశావు. వ్యాపార ఫోన్లు, మెసేజ్‌లు ఆపడానికి 1909 అని ఒక నంబరు ఉంది, దానికి ఫోన్ చేసో మెసేజ్ పెట్టో నమోదు చేసుకుంటే చాలావరకు తగ్గుతాయి. ఓటేసేటప్పుడు మెసేజ్‌లకు ఒప్పుకుంటున్నట్టు టిక్కు పెట్టి ఉంటే ఆ సంస్థవి వేరుగా ఆపించాలి, మెసేజ్ చివర్లో ఎట్లా ఆపాలో ఉంటుంది. పెద్దవాళ్లకు ఇవి చేతకావు. నువ్వు పక్కన కూర్చుని ఒక్కొక్కరి ఫోన్‌లో చేసిపెట్టు. 11,846 మందికీ చేయలేవు, ఒక ముప్పై ఇళ్లకు చేయగలవు. చిన్నాయన ఇంట్లో ఈసారి సంగటి తినిరా.

అభిమానం మానుకోవాలా అన్నావు. దానికి తేదీ ఏమీ లేదు కదా, ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. ఆ హీరోకు నీ ముగ్గు చేరిందో లేదో కూడా మనకు తెలియదు, ఆయన నిన్ను ఓడించలేదు, గెలిపించనూ లేదు. పోస్టరు చూస్తే ఏడుపొస్తున్నన్నాళ్లు చూడకు. కొత్త సినిమా వచ్చినప్పుడు మొదటి రోజే పోవాలనిపిస్తే పో, అనిపించకపోతే నీ అభిమానం అబద్ధమని కాదు. సంఘం పిల్లలు వచ్చే ఏడు మళ్లీ పోటీ చేద్దాం, ఈసారి గెలుద్దాం అంటున్నారు కదా. చేయొద్దని అనను, నీకు అందులో సంతోషం కూడా ఉంది, మైకు పట్టుకున్న రోజు గురించి రాసేటప్పుడు అది కనబడింది. చేస్తే మాత్రం ముందే కొన్ని గీతలు గీసుకో, తాకట్టు లేదు, వేరేవాళ్ల సిమ్‌లు లేవు, ఒకసారి అడిగిన మనిషిని రెండోసారి అడగడం లేదు. ఈ గీతల లోపల ఉంటే గెలిచే అవకాశం తగ్గుతుంది, అది తెలిసే దిగాలి. ఒప్పుకోలేకపోతే ఆ ఏడు చప్పట్లు కొట్టేవాళ్లలో ఉండు.

ముగ్గు మాత్రం వేరే సంగతి. దాన్ని ఈ లెక్కలోంచి బయటికి తీయి. చేయి రావడం లేదంటే ఆ హీరో మొహానికి రావడం లేదేమో, వాకిట్లో నాలుగు చుక్కలకు వస్తుందేమో, ఒక పొద్దున మీ అమ్మ చేతిలోంచి డబ్బా తీసుకుని చూడు. ఇంకా ముందుకు పోవాలనుంటే కడపలో 2020లో పెట్టిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, బొమ్మలు వేయడం డిగ్రీగా చదవొచ్చు. కానీ ఉద్యోగం మానాలి, అప్పు మీదున్నావు, ఈ ఏడు అది కష్టం. ఉద్యోగం చేసుకుంటూనే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాయొచ్చు, డ్రాయింగ్ టీచరు దారిలో అది మొదటి మెట్టు. ఇవేవీ వద్దు, నాకు మిద్దె మీద వేసుకుంటేనే బాగుంటుంది అన్నా బాగానే ఉంటుంది, ప్రతిదాన్నీ పరీక్షగా మార్చుకోనక్కర్లేదు. నీ ఫోటో చూశాను కాబట్టి చెబుతున్నాను, చెంప మీద వెలుగు పడే చోట తెల్లపిండి మీద పసుపు ఎంత పలుచగా చల్లావో, అది నేర్పితే వచ్చేది కాదు.

నాకు మళ్లీ రాసేటప్పుడు ఓట్ల సంగతి వద్దు. నేను కూడా ధనుర్మాసంలో పెద్ద ముగ్గులు వేసేదాన్నే, నల్లపొడి ఎప్పుడూ గాలికి నిలవదు, బొగ్గుపొడిలో ఇసుక కలిపి చూశాను, రంగు చెడిపోయింది. నీ ఎడమ కనుబొమ్మ అంచు అంత సన్నగా, చెదరకుండా నిలిచింది కదా, అందులో ఏం కలిపావు?